ఘాటును వెనక్కి పిలవడం

మొన్న ఆదివారం రాత్రి మా మేనల్లుడు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు. సెమిస్టర్ ఫీజు సంగతేమోనని కుర్చీలో సర్దుకుని కూర్చున్నాను. "మామయ్యా, నా పులి మళ్లీ చచ్చిపోయింది" అన్నాడు. హమ్మయ్య అనుకున్నాను. మా వంశంలో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆడినవాణ్ని నేనొక్కణ్నే. ఇలాంటి కష్టం చెప్పుకోవడానికి వాడికి ఇంకెవరున్నారు?

వాడు ఆడుతున్నది హంటర్. గుంపులో చేరిన రెండో రోజే ఎవరో వాణ్ని బయటికి పంపేశారట. ఎవరెంత కొట్టారో చూపే డ్యామేజ్ పట్టికలో అట్టడుగున ఉన్నాడట. నాలుగు నిమిషాల వీడియో ఒకటి పంపించమన్నాను, పంపాడు. ఆ నాలుగు నిమిషాల్లో వాడు రాక్షసుణ్ని చూశాడు, తన విల్లును చూశాడు, అంకెల్ని చూశాడు. తన పులిని మాత్రం ఒక్కసారీ చూడలేదు. అది చచ్చిపోయిన సంగతి వాడికి తెలియడానికి పదకొండు సెకన్లు పట్టింది. లెక్కపెట్టాను, గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఫోన్‌లో చెబితే అరగంటలో మరిచిపోతాడు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. మిగతావాళ్లూ చదవవచ్చు.

తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2004 నవంబర్‌లో వచ్చిన ఆట. వేలమంది ఒకే లోకంలో తిరుగుతూ ఆడతారు. ఆ పాతకాలపు రూపాన్నే 2019 ఆగస్టులో క్లాసిక్ పేరుతో మళ్లీ తెచ్చారు. అందులో హంటర్ అంటే దూరంగా నిలబడి బాణాలో తుపాకీయో పేల్చేవాడు. వాడి పక్కన వాడే మచ్చిక చేసుకున్న జంతువు ఒకటి ఉంటుంది. శత్రువు మీదికి ముందు అది దూకుతుంది, వెనక నుంచి మనం కొడతాం. చూసేవాళ్లకు ఇంతకంటే తేలికైన బతుకు లేదనిపిస్తుంది. నిజమే, ఒంటరిగా తిరిగేటప్పుడు తేలికే. అందుకే నలుగురిలోకి వచ్చేసరికి హంటర్లకు అంత చెడ్డపేరు. వాళ్లను తిట్టడానికి ఆ ఆటలో ప్రత్యేకంగా ఒక పేరే ఉంది. ఇక్కడ రాయను.

నేను గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో గుమాస్తాని. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి యార్డు మూతపడింది. మామూలుగా ఆ రోజుల్లో ఊపిరి సలపదు. పొద్దున్నే టిక్కీల (మిర్చి బస్తాల) లెక్క, కాటా, తక్‌పట్టీలు (రైతుకిచ్చే లెక్క చీటీలు), సాయంత్రానికి తుమ్ములు. అలాంటిది బ్రాడీపేటలో మూడు గదుల ఇంట్లో ఉన్నట్టుండి పనిలేకుండా కూర్చున్నాను. పాత స్నేహితుడొకడు యూరప్ నుంచి ఆడుతున్నాడంటే నేనూ అదే సర్వర్‌లో చేరాను. వాళ్ల సాయంత్రం ఎనిమిదంటే మనకు రాత్రి పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నాక హాల్లో లైటు ఆర్పేసి మొదలుపెట్టేవాణ్ని.

అందరూ అన్నాను గానీ, ఒక్కరు పడుకునేవారు కాదు.

మా పెదనాన్న మార్చి మూడో వారంలో కంటి ఆపరేషన్ కోసం నరసరావుపేట పక్క పల్లె నుంచి వచ్చాడు. శుక్లాలు. మూడు రోజుల్లో వెళ్లిపోవాలని చేతిసంచి ఒక్కటే తెచ్చుకున్నాడు. బస్సులు ఆగిపోయాయి, గుంటూరులో వీధికో రెడ్ జోన్ పెట్టారు, ఆయన రెండు నెలలు ఇక్కడే ఉండిపోయాడు. ఆయనకు బండలాగుడు పందేల గిత్తలు ఒక జత ఉన్నాయి. ఆరు పళ్ల విభాగంలో లాగేవి. మనిషి ఇక్కడ, ప్రాణం అక్కడ. రోజుకు రెండు పూటలా కొడుకుకు ఫోన్ చేసి ఉలవలు ఎన్ని నానబెట్టావు, వలపటది సరిగా నెమరు వేస్తోందా అని అడిగేవాడు. వీడియో కాల్‌లో ఎద్దుల మొహాలు చూపించమనేవాడు. ఫోన్ అవతల అవి ఆయన గొంతు విని చెవులు కదిలిస్తే, ఇవతల ఈయన నల్లకళ్లద్దాలు తీసి తుడుచుకునేవాడు.

ఒకరోజు అర్ధరాత్రి మంచినీళ్లకని లేచి హాల్లోకి వచ్చాడు.

"ఏమిటది, సింహమా?"

"సింహమే పెదనాన్నా."

"ఎవరిది?"

"నాదే."

కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ తర్వాత ఒక్క రాత్రి కూడా మానలేదు. తెర చూడవద్దని డాక్టరు చెప్పాడు కదా అంటే, "ఒక కన్నుతోనే చూస్తున్నాను" అనేవాడు.

ఆ సింహం కథ చెప్పాలి. ఈ ఆటలో హంటర్‌కు పదో లెవెల్‌లో మచ్చిక చేసుకునే విద్య వస్తుంది. నేను ఓర్క్ జాతివాణ్ని. ఓర్క్‌ల పెట్‌లు, అంటే మచ్చిక జంతువులు, 5 శాతం ఎక్కువ కొడతాయి, అందుకే ఎంచుకున్నాను. మచ్చిక చేసుకోవడమంటే 20 సెకన్లు కదలకుండా నిలబడి మంత్రం వేయాలి. ఆ 20 సెకన్లూ ఆ జంతువు మనల్ని కరుస్తూనే ఉంటుంది. మొదట అడవిపందిని పట్టాను. పంది మంచిదే, ఏది పెట్టినా తింటుంది. రొట్టె, పుట్టగొడుగులు, జున్ను, చేపలు, దేనికీ వంక పెట్టదు. కానీ బ్యారెన్స్ మైదానంలో హుమార్ అనే నల్ల సింహం ఉందని విన్నాక పంది మీద మనసు నిలవలేదు. 23వ లెవెల్‌ది, అరుదుగా కనిపిస్తుంది. అది వచ్చే చెట్టు కింద మూడు రాత్రులు కాపలా కాశాను. మూడో రాత్రి వచ్చింది. ఇరవై సెకన్లు ఊపిరి బిగబట్టాను. పేరు పెట్టమని అడిగితే చేయి దానంతట అదే టైపు చేసింది: ఘాటు. మిర్చి యార్డులో పనిచేసేవాడికి ఇంకేం తోస్తుంది?

యూరప్ వాళ్లకు "ఘ" నోరు తిరగదు. అందరూ "గాటు" అనేవాళ్లు. సరిదిద్దలేదు. దాని పళ్లు చేసే పని కూడా అదే కదా.

పెదనాన్న అడిగిన మొదటి ప్రశ్న, "ఏం తింటుంది?" మేనల్లుడా, నువ్వు ఇప్పటివరకు అడగని ప్రశ్న ఇదే. క్లాసిక్‌లో పెట్‌కు మూడు రకాల మనఃస్థితి ఉంటుంది. సంతోషంగా ఉంటే దాని దెబ్బ 125 శాతం. ఓ మోస్తరుగా ఉంటే 100. అలిగితే 75. యార్డు భాషలో చెప్పాలంటే తరుగు. సరుకు తేమగా ఉందని క్వింటాలుకు రెండు కిలోలు తరుగు తీస్తే రైతు ఊరంతా వినేలా గొడవపడతాడు. నువ్వు నూటికి 25 తరుగు పోగొట్టుకుంటూ బాణం మంచిది కొనాలా వద్దా అని నన్ను అడుగుతున్నావు. వీడియోలో నీ పులి బొమ్మ పక్కన ఎర్రటి మొహం ఉంది, చూసుకో. పులి, సింహం జాతులకు మాంసం, చేపలు పనికొస్తాయి. దాని లెవెల్‌కు తగ్గ తిండి అయితేనే సంతోషిస్తుంది, చిన్నప్పటి తిండి పెడితే పట్టించుకోదు. పోట్లాట మధ్యలో పెట్టకూడదు, అయ్యాక పెట్టాలి. చాలాకాలం అలక తీరకపోతే అది నిన్ను వదిలేసి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

ఆ చివరి మాట పెదనాన్నకు నచ్చలేదు. "ఆకలైతే పశువు పారిపోదురా. నిలబడిపోతుంది. ఈ ఆట చేసినవాళ్లు కొట్టంలో ఎప్పుడూ పడుకోలేదు" అన్నాడు.

ఇక కొట్టడం. నీకు విల్లు గురించే ఎక్కువ ఆసక్తి కాబట్టి అది త్వరగా ముగిస్తాను. ఆటో షాట్ దానంతట అదే పోతూ ఉంటుంది. అయితే బాణం వదిలే ముందు అర సెకను నువ్వు కదలకుండా ఉండాలి. నువ్వు ఊరికే అటూ ఇటూ గెంతుతున్నావు, గెంతిన ప్రతిసారీ బాణం ఆలస్యమవుతోంది. కదలాలంటే రెండు బాణాల మధ్య కదులు. ఎయిమ్డ్ షాట్‌కు మూడు సెకన్లు విల్లు లాగాలి. అది ఆటో షాట్ పోయిన మరుక్షణం మొదలుపెట్టాలి, లేకపోతే రెండూ ఒకదాన్నొకటి మింగేస్తాయి. గుంటూరు నుంచి యూరప్ సర్వర్‌కు మీట నొక్కిన కబురు వెళ్లి రావడానికి నాకు 170 నుంచి 200 మిల్లీసెకన్లు పట్టేది. కాబట్టి కంటితో చూసి కాకుండా చెవితో విని నొక్కడం అలవాటు చేసుకున్నాను. వింటినారి చప్పుడు వినబడగానే వేలు పడాలి. మల్టీ షాట్ ముగ్గురికి తగులుతుంది, పక్కన మేజ్ అనే మంత్రగాడు గొర్రెగా మార్చి నిద్రపుచ్చిన శత్రువుకు కూడా. దాన్ని లేపావంటే అందరూ నిన్నే చూస్తారు.

దూరం సంగతి ఒకటి. శత్రువు 8 గజాలకు లోపల ఉంటే బాణం వేయలేవు. 5 గజాలు దాటితే కత్తి అందదు. మధ్యలో ఆ మూడు గజాలు దేనికీ పనికిరావు. మా వీధిలో మూడు గజాల కోసం అన్నదమ్ములు కోర్టుకెక్కారు. ఈ ఆటలో ఆ మూడు గజాల్లో నిలబడినవాడు చస్తాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

పెట్‌కు ఫోకస్ అని వంద ఉంటుంది, జేబుఖర్చు లాంటిది. అది ఖర్చుపెట్టి పని చేస్తుంది. కొరికితే 35, పంజా విసిరితే 25, గ్రౌల్ అంటే శత్రువును తనవైపు తిప్పుకునే గర్జనకు 15. ఒంటరిగా ఉన్నప్పుడు గ్రౌల్ కావాలి. రెండు గర్జనలు పడేదాకా నువ్వు బాణం వేయకు, లేకపోతే శత్రువు నీ మీదికి వస్తాడు. గుంపులో ఉన్నప్పుడు గ్రౌల్ ఆపేయాలి. శత్రువును తనవైపు పెట్టుకోవడం ట్యాంక్ పని, అంటే ముందు నిలబడి దెబ్బలు తినేవాడిది. అది నీ పులి లాక్కుంటే రాక్షసుడు వెనక్కి తిరిగి, గాయాలు మాన్పే హీలర్ మీద నిప్పు ఊదుతాడు. పైగా ఆ పదిహేను పంజాకు మిగులుతుంది. మౌస్ కుడి మీటతో ఒక్క నొక్కు. నన్ను ఇది ఆపేయమని ఒక జర్మన్ ట్యాంక్ మూడుసార్లు అడిగాడు. మొదటి రెండుసార్లు ఇంకెవరినో అంటున్నాడనుకున్నాను.

పెదనాన్న ఆట చూసే పద్ధతి వేరు. నేను ఎవరిని కొడుతున్నానో, ఎంత కొడుతున్నానో ఆయనకు అక్కర్లేదు. సింహాన్నే చూసేవాడు. అది మెట్ల దగ్గర ఆగినా, రాయికి అడ్డుపడి పక్కకు తిరిగినా ఆయనకు ముందే తెలిసేది. "అటు తిప్పు, దానికి దారి లేదు" అనేవాడు. నాకు చిరాకు వేసేది. దారి అదే వెతుక్కుంటుంది పెదనాన్నా, కంప్యూటరే చూసుకుంటుంది అనేవాణ్ని.

ఒకరోజు ఆయన కోసమే ఐజ్ ఆఫ్ ద బీస్ట్ (మృగం కళ్లు) అనే విద్య వేసి చూపించాను. పద్నాలుగో లెవెల్‌లో వస్తుంది, పెద్దగా ఎవరూ వాడరు. ఒక్క నిమిషం పాటు మనం ఉన్నచోటే ఉండిపోతాం, సింహాన్ని మనమే నడుపుతాం. మనిషి ఎత్తు నుంచి చూసిన లోకం ఒక్కసారిగా గడ్డి ఎత్తుకు దిగింది. బ్యారెన్స్ పసుపు గడ్డిలోంచి ఘాటు నడుస్తుంటే తెర మీద దాని నల్లటి భుజాలు మాత్రమే ఊగుతున్నాయి. నా ఓర్క్ బొమ్మ ఎక్కడో వెనక వేలెడంత ఉంది. పెదనాన్న ముందుకు వంగాడు. నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోశాడు. నిమిషం అయిపోయి తెర మళ్లీ నా దగ్గరికి వచ్చేసింది.

"ఇంకోసారి" అన్నాడు.

ఆ రాత్రి తొమ్మిదిసార్లు వేశాను. ఒక్క శత్రువును కూడా కొట్టలేదు.

మే నెల మధ్యలో, నా లెవెల్ 57. లోయర్ బ్లాక్‌రాక్ స్పైర్ అనే డంజన్‌కు, అంటే గుంపుగా వెళ్లి కొట్టాల్సిన శత్రువుల కోటకు, అయిదుగురం వెళ్లాం. ట్యాంక్ ఆ జర్మన్ అతనే. హీలర్ పోలండ్ వాడు, ప్రీస్ట్. ఒక మేజ్, చాటుగా వెళ్లి పొడిచే రోగ్ ఒకడు, నేను. కొండ లోపల అంతస్తులు అంతస్తులుగా ఉంటుంది. వంతెనలు, వాలు దారులు, మూలమూలనా ఓర్క్‌లు, ట్రోల్‌లు, ఓగర్లు. అందరూ చేసే పని ఏమిటంటే, చుట్టూ తిరిగి రాకుండా వంతెన అంచు నుంచి కింది అంతస్తుకు దూకేయడం. కొంచెం దెబ్బ తగులుతుంది, హీలర్ మాన్పేస్తాడు. నలుగురూ దూకారు. నేనూ దూకాను.

పక్కనుంచి పెదనాన్న అడిగాడు. "నీ సింహం ఏదిరా?"

"వస్తుంది పెదనాన్నా."

"ఎట్నుంచి?"

నేను జవాబు చెప్పలేదు. హీలర్ కూర్చుని నీళ్లు తాగుతున్నాడు. మేజ్ రొట్టెలు చేసి పంచుతున్నాడు. దాదాపు పావు నిమిషం ఎంత ప్రశాంతంగా ఉందంటే, మా హాల్లో ఫ్యాను చప్పుడు కూడా వినిపించింది.

సింహం దూకదు. మనం దూకితే అది మనల్ని చేరడానికి నడక దారి వెతుక్కుంటుంది. ఉన్న ఒక్క దారి వంతెన దాటి, ఇందాక మేము సద్దు చేయకుండా పక్కనుంచి తప్పుకుని వచ్చిన గదులన్నిటి గుండా, వాలు దిగి రావడం. ఘాటు పాపం బుద్ధిగా ఆ దారినే పరిగెత్తింది. ఏ గదిలోనూ ఆగలేదు. ప్రతి గదిలోనివాళ్లూ దాని వెంట పడ్డారు. మలుపు తిరిగి మా ముందుకు వచ్చేసరికి ముందు ఘాటు, వెనక తిరునాళ్ల. నా దగ్గరికి వచ్చి, నా పక్కన సరిగ్గా తన చోట్లో నిలబడింది. చెప్పిన పని చేసినందుకు మెచ్చుకోమన్నట్టుగా.

హీలర్ చేతిలో నీళ్లు అలాగే ఉన్నాయి. మొదట పోయింది అతనే. అయిదుగురం పోవడానికి పది సెకన్లు కూడా పట్టలేదు.

ఈ ఆటలో చస్తే దెయ్యాలమై శ్మశానం నుంచి మన శవం దాకా పరిగెత్తాలి. అయిదు దెయ్యాలం వరుసగా ఆ నల్లకొండ ఎక్కుతున్నాం. ఎవరూ ఏమీ రాయలేదు. సగం దారిలో పోలండ్ హీలర్ ఒక్క ముక్క రాశాడు: ఆ పిల్లి నీదేనా? యార్డులో కూడా ఇంతే. గొంతు చించుకుని అరిచేవాడికి జవాబు చెప్పవచ్చు, నెమ్మదిగా అడిగేవాడికి చెప్పలేం.

పెదనాన్న నవ్వలేదు. కాసేపటికి అన్నాడు, "పందెంలో గీత దాటాక గిత్తల్ని ఆపలేనివాడికి మా ఊళ్లో పగ్గం ఇవ్వరు. నీకు పంపడం ఒక్కటే వచ్చు."

ఆ రాత్రి ఆట ఆపేశాక మీటలన్నీ మార్చాను. అప్పటిదాకా పంపే మీట చేతికింద ఉండేది, వెనక్కి పిలిచే మీట కంట్రోల్ పట్టుకుని 2 నొక్కితే గానీ తగలదు. దాన్ని మౌస్ పక్కన బొటనవేలి కిందికి తెచ్చాను. మేనల్లుడా, నీ ఆటలో ఒక్కటి మాత్రమే మార్చాలంటే ఇది మార్చు. పెట్ ఫాలో నీ బొటనవేలి కింద ఉండాలి. పంపే మీట ఎక్కడున్నా ఫరవాలేదు.

ఇంకోటి, పెట్ స్వభావం. అగ్రెసివ్, డిఫెన్సివ్, ప్యాసివ్ అని మూడు ఉంటాయి. అగ్రెసివ్‌లో కనబడినవాడి మీదల్లా దూకుతుంది. దాన్ని ముట్టుకోకు. డిఫెన్సివ్‌లో నిన్నో దాన్నో ఎవరైనా కొడితే తిరగబడుతుంది. ఒంటరిగా ఉన్నప్పుడు ఇది చాలు. డంజన్‌లో ప్యాసివ్ పెట్టు. నువ్వు పంపితేనే వెళ్తుంది, పిలిస్తే వస్తుంది. ఒక శత్రువు చచ్చి ఇంకోడు మిగిలితే మళ్లీ నువ్వే పంపాలి, పని పెరుగుతుంది. పెరగనీ. రాక్షసుడు చుట్టూ నిప్పు రాజేసే ముందు వెనక్కి పిలవడం, నిప్పు ఆరాక మళ్లీ పంపడం, ఆ రెండు మూడు సెకన్లు దాని డ్యామేజ్ పోతుంది. చచ్చిపోతే మిగతా పోట్లాట మొత్తం పోతుంది. మళ్లీ బతికించడానికి పది సెకన్లు నువ్వు విల్లు వదిలేసి నిలబడాలి. లెక్క వేసుకో.

దూకే ముందు డిస్మిస్ చేయాలి. అయిదు సెకన్లు పడుతుంది. ఆ అయిదు సెకన్లు మిగతా నలుగురూ ఆగుతారు, అడిగితే చాలు.

చచ్చినట్టు పడుకునే విద్య, ఫెయిన్ డెత్, ముప్పయ్యో లెవెల్‌లో వస్తుంది. దాన్ని చూసి పెదనాన్న బాగా చిన్నబుచ్చుకున్నాడు. "ఇదొక విద్యా? సింహాన్ని పెట్టుకుని చచ్చినట్టు పడుకుంటావా?" అని. కానీ హంటర్‌కు అంతకంటే విలువైనది లేదు. క్లాసిక్‌లో పోట్లాటలో ఉండగా నేల మీద వల పన్నలేవు. చచ్చినట్టు పడుకుంటే శత్రువు నిన్ను మరిచిపోతాడు, పోట్లాట నుంచి బయటపడతావు, ఆ క్షణంలో లేచి మంచు వల పన్నవచ్చు. ఇది నాకు వారం రోజులు కుదరలేదు. పడుకుంటున్నాను, లేస్తున్నాను, వల పడటం లేదు. తప్పు నా వేళ్లదనుకుని వేగం పెంచాను. ఒక రాత్రి పెదనాన్న, "నువ్వు చచ్చావు సరే, అది ఇంకా కరుస్తోంది కదా" అన్నాడు. అదీ కారణం. సింహం పోట్లాటలో ఉన్నంతసేపు నేనూ ఉన్నట్టే లెక్క. ముందు దాన్ని వెనక్కి పిలవాలి, తర్వాత చావాలి, తర్వాత వల. ఆ వరుసలో చేస్తే మొదటిసారికే పడింది.

నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను. అరవయ్యో లెవెల్ చేరి నలభై మందితో మోల్టెన్ కోర్ అనే పెద్ద డంజన్‌కు వెళ్లాక పెట్ ప్రాధాన్యం తగ్గింది. అక్కడ చాలామంది హంటర్లు నైపుణ్యం పాయింట్లు విల్లు వైపే పెడతారు, నేనూ పెట్టాను. మాగ్మడార్ అనే రెండు తలల నిప్పు కుక్క దగ్గర హంటర్ల అసలు పని దాని వెర్రిని చల్లార్చడం. ట్రాంక్విలైజింగ్ షాట్ ఒకరు వేస్తే 20 సెకన్లు ఆగాలి, అందుకని ముగ్గురం వంతులు వేసుకునేవాళ్లం. నా వంతు వచ్చినప్పుడు చెమట పట్టేది. 2021 జూన్‌లో ఆ ఆట తర్వాతి భాగం బర్నింగ్ క్రూసేడ్ క్లాసిక్ వచ్చాక మళ్లీ పెట్‌లకు మంచిరోజులు వచ్చాయి, కిల్ కమాండ్ అనే దెబ్బ సింహం చేతికే ఇచ్చారు. కొత్త ఆటలో అయితే బీస్ట్ మాస్టరీ హంటర్, అంటే జంతువు మీదే ఆధారపడేవాడు, పరిగెడుతూనే అన్నీ కొట్టగలడు, నిలబడాల్సిన పని లేదు. పెట్‌కు తిండీ అక్కర్లేదు. కొన్నాళ్లు ఆడాను. హాయిగానే ఉంది. పెదనాన్న చూసి ఉంటే ఏమీ తినని సింహం ఏం సింహమని లేచి వెళ్లిపోయేవాడు.

మే నెలాఖరులో బస్సులు తిరిగాక ఆయన ఊరు వెళ్లిపోయాడు. బస్సు దిగి ఇంట్లోకి కూడా వెళ్లకుండా తిన్నగా కొట్టంలోకి వెళ్లాడట. యార్డు కూడా తెరిచారు, నేను మళ్లీ తక్‌పట్టీలు రాసుకుంటున్నాను. రెయిడ్, అంటే ఆ నలభై మంది ఆట, వారానికి ఒక్కరోజే, బుధవారం. వాళ్లకు రాత్రి పదకొండున్నరకు ముగిసేది, అంటే మనకు మూడు. ఆయన ఎద్దులకు మేత వేయడానికి లేచే వేళా మూడే. బుధవారం అని ఎలా గుర్తుపెట్టుకున్నాడో తెలియదు, సరిగ్గా మూడూ అయిదుకు ఫోన్ మోగేది. ఇంట్లోవాళ్లు లేస్తారని మొదటి మోతకే ఎత్తేవాణ్ని. అవతల చీకట్లో పట్టెడ గంటలు, ఉలవలు నమిలే చప్పుడు వినిపించేవి.

"ఆట అయిందా? దానికి పెట్టావా?"

"పెట్టాను పెదనాన్నా" అని అబద్ధం చెప్పి, ఫోన్ చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టుకుని, సంచీ తెరిచి చేప కోసం వెతికేవాణ్ని.